యురేనస్‌కు జరిగిన పెళ్ళిచూపులు

(2026 జనవరి 24 సాయంత్రం చిత్తూరులో డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? సరే. ఈ మైకు కాస్త కీచుమంటోంది, ఓర్చుకోండి.

సరిగ్గా నలభై ఏళ్ళ కిందట, ఇదే జనవరి 24న, వాయేజర్-2 అనే అంతరిక్ష నౌక యురేనస్ మేఘాలకు 81,500 కిలోమీటర్ల ఎత్తులోంచి దూసుకుపోయింది. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. బీఎస్సీ చదువుతున్నాను. యురేనస్ మీద పెద్ద ధ్యాసేం లేదు. ఆ ఏడాది ఎవరి నోట విన్నా హేలీ తోకచుక్కే. ఇంతలో నాలుగు రోజులకు, 28న, ఛాలెంజర్ స్పేస్ షటిల్ ఆకాశంలోనే పేలిపోయి ఏడుగురు చనిపోయారు. ఇక యురేనస్ వార్త ఎవరికి కావాలి? పాపం, ఆ గ్రహానికి ఉన్నదే ఒక్క రోజు. దాన్ని కూడా ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు.

ఆ తరవాత ఇప్పటి దాకా ఇంకే నౌకా అటు వెళ్ళలేదు. నెప్ట్యూన్ దగ్గరికి 1989లో వెళ్ళింది కూడా ఆ వాయేజర్-2 ఒక్కటే. గురుడి చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగినవి ఉన్నాయి, శని చుట్టూ కస్సీని 13 ఏళ్ళు తిరిగింది. యురేనస్‌కు మాత్రం జరిగింది పెళ్ళిచూపులే. వచ్చారు, ఒక పూట కూర్చున్నారు, పిల్ల ముభావంగా ఉంది, చప్పగా ఉంది, చల్లగా ఉంది అని రాసుకుని వెళ్ళిపోయారు. ఆ పూట పిల్లకు జ్వరం ఉందేమో ఎవరూ అడగలేదు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఫిజిక్స్ పాఠం చెప్పాను. "యురేనస్‌కు సొంత వేడి దాదాపు లేదు" అని బోర్డు మీద నా చేత్తోనే రాశాను. ఇప్పుడు ఆ వాక్యం కొట్టేయాల్సి వస్తోంది. అందుకే ఈ రోజు మాట్లాడతానని ఒప్పుకున్నాను.

ముందు కొలతలు చూద్దాం. అంకెలు వినగానే నిద్ర వస్తుంది, నాకు తెలుసు. అందుకని వంటింటి సామాను తెచ్చాను. ఇదిగో, ఈ బఠాణీ గింజ మన భూమి. అడ్డంగా 8 మిల్లీమీటర్లు అనుకోండి. అయితే యురేనస్ ఈ నిమ్మకాయ. భూమికి నాలుగింతలు అడ్డకొలత, అంటే అసలు లెక్కలో 51,118 కిలోమీటర్లు. సూర్యుడు ఎంత? పెళ్ళిళ్ళలో వేణ్ణీళ్ళు కాచే గంగాళం నోరంత, 87 సెంటీమీటర్లు. ఆ గంగాళాన్ని ఈ స్టేజీ మీద పెడితే బఠాణీ గింజను 94 మీటర్ల దూరంలో, రోడ్డు అవతల పెట్టాలి. మరి నిమ్మకాయ ఎక్కడ? ఇక్కడి నుంచి 1.8 కిలోమీటర్లు. షేర్ ఆటో ఎక్కాలి. ఆటో దిగి, మధ్యలో ఇంకేమీ అడ్డు లేదనుకుని వెనక్కి తిరిగి ఈ గంగాళం ఎంత కనిపిస్తుందో చూడండి. యురేనస్ ఆకాశంలో సూర్యుడు అంతే.

అసలు దూరం సగటున 287 కోట్ల కిలోమీటర్లు. సూర్యుడు మనకున్న దూరానికి 19 రెట్లు పైచిలుకు. కాబట్టి అక్కడ పడే ఎండ మన ఎండలో 370వ వంతు. అంటే కటిక చీకటి అనుకోకండి. మన పున్నమి వెన్నెల కంటే దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువ. రాత్రిపూట ట్యూబ్‌లైటు వేసిన గదిలో ఎంత వెలుగు ఉంటుందో యురేనస్ మీద మిట్టమధ్యాహ్నం అంత ఉంటుంది. పేపరు చదువుకోవచ్చు. కూర్చోవడానికి చోటే లేదు. ఆ సంగతికి వస్తున్నాను.

బరువు చూద్దాం. యురేనస్ ద్రవ్యరాశి భూమికి 14.5 రెట్లు. మరి అక్కడ మనిషి బరువెంత తూగుతాడు? ఎవరైనా చెప్పండి. పద్నాలుగు రెట్లా? (ఎవరో ఏదో అన్నారు.) కాదు బాబూ. న్యూటన్ సూత్రంలో పైన ద్రవ్యరాశి ఉంది, కింద వ్యాసార్ధం వర్గం ఉంది. వ్యాసార్ధం నాలుగు రెట్లు, దాని వర్గం పదహారు. 14.5ను 16తో భాగించండి. 0.9. భూమి మీద 60 కిలోలు తూగేవాడు అక్కడ 54 తూగుతాడు. అంత పెద్ద గ్రహం మీద మనం సన్నబడతామన్నమాట! ఏటా క్లాసులో పిల్లలు ఈ లెక్క దగ్గరే కాస్త నిద్ర లేచేవారు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. పరిమాణం చూస్తే యురేనస్‌లో 63 భూములు పడతాయి. బరువు చూస్తే 14.5 భూములే. అంటే లోపల సరుకు తేలిక. సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.27 గ్రాములు, నీటి కంటే కాస్త ఎక్కువ. శని గ్రహం అయితే 0.69, నీటి కంటే తక్కువ. గురుడూ శనీ ముఖ్యంగా హైడ్రోజన్, హీలియం ముద్దలు. యురేనస్ అంత తేలిక కాదు, భూమిలా రాయీ ఇనుమూ కాదు. మధ్యస్తంగా ఏదో ఉండాలి. శాస్త్రవేత్తలు నీరు, అమ్మోనియా, మీథేన్ అంటారు. అందుకే దానికి మంచు దిగ్గజం అని పేరు పెట్టారు.

ఈ పేరు నాకు నచ్చదు. మంచు అనగానే ఫ్రిజ్‌లో ఐసు గుర్తొస్తుంది. లోపలికి వెళ్ళేకొద్దీ అక్కడ వేల డిగ్రీల వేడి. పైనున్న బరువు లక్షల రెట్లు వాతావరణ పీడనంతో నొక్కుతుంటుంది. అంత వేడిలో, అంత ఒత్తిడిలో నీరు నీరుగా ఉండదు, ఆవిరిగా ఉండదు, మనకు తెలిసిన ఐసుగానూ ఉండదు. ఆక్సిజన్ పరమాణువులు స్ఫటికంలో లాగా వాటి చోట్లలో కుదురుకుంటే, హైడ్రోజన్ పరమాణువులు వాటి మధ్య ద్రవంలాగా పారుతుంటాయి. గట్టిదా, నీళ్ళా? రెండూ. ఇలాంటి నీటిని ప్రయోగశాలలో కొద్ది క్షణాలపాటు తయారు చేసి చూశారు కూడా.

వజ్రాల వాన కథ మీలో చాలామంది వీడియోల్లో చూసే ఉంటారు. అందులో నిజం ఎంత? మీథేన్‌లో కార్బన్ ఉంది. ఆ ఒత్తిడికి కార్బన్ విడిపోయి వజ్రంగా మారి లోపలికి దిగిపోవచ్చు అన్నది ఊహ. 2017లో కాలిఫోర్నియాలోని స్లాక్ ప్రయోగశాలలో పాలిస్టైరీన్, అంటే థర్మోకోల్ చేసే ప్లాస్టిక్కే, దాన్ని శక్తిమంతమైన లేజర్లతో చితక్కొట్టారు. అతి చిన్న వజ్రాలు పుట్టాయి. 2022లో మళ్ళీ పెట్ ప్లాస్టిక్‌తో చేశారు, మనం తాగే నీళ్ళ సీసా ప్లాస్టిక్కు. అదీ పని చేసింది. అంటే అలా జరిగే వీలుందని తేలింది. యురేనస్‌లో జరుగుతుండగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. ముందు వరసలో అమ్మాయిలు ఆశ పెట్టుకోకండి. (నవ్వులు.)

కాబట్టి నిలబడటానికి నేల లేదు. పైన గాలి, అది లోపలికి వెళ్ళేకొద్దీ చిక్కబడి చిక్కబడి ఎప్పుడు ద్రవమైందో తెలియకుండా మారిపోతుంది. పైనున్న గాలిలో నూటికి 80కి పైగా హైడ్రోజన్, 15 దాకా హీలియం, ఓ రెండు పాళ్ళు మీథేన్. ఆ రెండు పాళ్ళ మీథేనే ఎండలోని ఎరుపును మింగేసి, గ్రహానికి లేత నీలం కలిసిన ఆకుపచ్చ రంగు ఇస్తుంది. సముద్రపు నీలంలో యురేనస్ కంటే నెప్ట్యూన్ చాలా ముదురు అని మనం పుస్తకాల్లో చూశాం. ఆ నెప్ట్యూన్ ఫోటోలు వివరాలు బాగా కనపడటానికి రంగు పెంచి తయారుచేసినవి. 2024లో లెక్క సరిచేసి చూస్తే రెండూ ఇంచుమించు ఒకే లేత రంగు. నెప్ట్యూన్ ఓ పిసరు ఎక్కువ నీలం, అంతే.

వాసన సంగతి కూడా చెప్పాలి. 2018లో హవాయిలోని జెమిని టెలిస్కోపుతో చూస్తే మేఘాల పైన హైడ్రోజన్ సల్ఫైడ్ ఆనవాళ్ళు దొరికాయి. కెమిస్ట్రీ ల్యాబులో పని చేసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కుళ్ళిన కోడిగుడ్డు. అయినా ఆ చలికి వాసన పీల్చేంత సమయం ఎవరికీ ఉండదు. గాలిలో ఒక పొర దగ్గర మైనస్ 224 డిగ్రీలు. గ్రహాల వాతావరణంలో కొలిచిన చలి అన్నింటిలో ఇదే ఎక్కువ. విచిత్రం ఏమిటంటే నెప్ట్యూన్ ఇంకా ఎంతో దూరంలో ఉంది, అయినా ఇంత చలి అక్కడ లేదు. ఈ ప్రశ్న గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు అసలు వింతకు వస్తాను. రేపు రథసప్తమి. తెల్లారే జిల్లేడాకులు తల మీద పెట్టుకుని స్నానం చేస్తాం. సూర్యుడి రథం ఉత్తరం వైపు తిరిగిందని పండగ. నిజానికి అక్కడ తిరిగేది మన భూమి అక్షం వాలు ప్రభావమే. ఆ వాలు 23.4 డిగ్రీలు. అంత చిన్న వాలుకే మనకు ఎండాకాలం, చలికాలం, ఉత్తరాయణం, దక్షిణాయనం. యురేనస్ వాలు దాదాపు 98 డిగ్రీలు. తొంభై దాటిందంటే గ్రహం పూర్తిగా పక్కకు పడుకుందన్నమాట.

ఇదిగో బొంగరం. కాస్త వంగి తిరిగితే భూమి. పడిపోయి పక్క మీద తిరిగితే యురేనస్. ఆ ట్యూబ్‌లైటు సూర్యుడు అనుకోండి. ఈ బొంగరం మేకును ఎప్పుడూ ఆ కిటికీ వైపే ఉంచి నేను లైటు చుట్టూ నడుస్తాను. మేకు కిటికీ వైపే, మారదు. చూడండి, ఇక్కడికి వచ్చేసరికి మేకు సరిగ్గా లైటును చూస్తోంది. ఆ ధ్రువం మీద సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, అస్తమించడు. రెండో ధ్రువం చీకట్లో ఉంటుంది. పావు చుట్టు తిరిగాక లైటు పక్క నుంచి పడుతోంది, మామూలు రాత్రీ పగలూ. ఇంకో పావు చుట్టు, ఇప్పుడు రెండో ధ్రువం వంతు.

యురేనస్ ఒక చుట్టు తిరగడానికి 84 ఏళ్ళు. అంటే ధ్రువం దగ్గర 42 ఏళ్ళ పగలు, 42 ఏళ్ళ రాత్రి. నాకు ఈ మధ్యే షష్టిపూర్తి చేశారు పిల్లలు. అరవై ఏళ్ళంటే గురుడు అయిదు చుట్లు, శని రెండు చుట్లు. మన అరవై సంవత్సరాల పేర్ల లెక్కకూ ఈ రెండు గ్రహాల నడకకూ సంబంధం ఉంది. యురేనస్ మాత్రం నేను పుట్టాక ఇంకా ఒక్క చుట్టు పూర్తి చేయలేదు. సహస్ర చంద్ర దర్శనం చేసుకున్న పెద్దవాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉంటే, వాళ్ళకు యురేనస్ లెక్కలో ఏడాది నిండబోతున్నట్టు లెక్క.

1986లో వాయేజర్ వెళ్ళినప్పుడు దక్షిణ ధ్రువం దాదాపు నేరుగా సూర్యుడి వైపు ఉంది. ఉత్తరార్ధం చాలావరకు చీకటి. కెమెరాకు దొరకలేదు. 2007 డిసెంబరులో సూర్యుడు మధ్యరేఖ మీదికి వచ్చాడు. 2030 ప్రాంతంలో ఉత్తర ధ్రువం నేరుగా సూర్యుడిని చూస్తుంది. అంటే ఈ రోజు టెలిస్కోపులకు కనపడే ముఖంలో చాలా భాగం పెళ్ళిచూపుల నాడు ముసుగులో ఉన్నదే!

ఆ వాలు వల్ల ఇంకో నష్టం జరిగింది. మామూలుగా నౌక ఒక గ్రహం దగ్గరికి వెళ్ళేటప్పుడు చందమామల కక్ష్యలను పక్క నుంచి కోసుకుంటూ వెళుతుంది. ఒక్కోదాన్నీ ఒక్కో రోజు చూసుకోవచ్చు. యురేనస్ పక్కకు పడుకుని ఉంది, దాని చందమామలూ వలయాలూ దాని మధ్యరేఖ చుట్టూనే తిరుగుతాయి. కాబట్టి వెళ్ళే నౌకకు అది విలువిద్య పోటీలో గురి పలకలా, గుండ్రాల లోపల గుండ్రాలుగా కనిపించింది. బాణం ఆ పలకను చీల్చుకుని అవతలికి పోవడానికి ఎంతసేపు? దగ్గరి నుంచి చూడాల్సిందంతా ఆరు గంటల లోపల అయిపోయింది.

ఎందుకు ఒరిగింది? చిన్నప్పుడు దేనితోనో గుద్దుకుంది అన్నది ఎక్కువమంది నమ్మే మాట. 2018లో కంప్యూటర్ లెక్కలు వేసినవాళ్ళు కనీసం రెండు భూముల బరువున్న వస్తువు తగిలి ఉండాలన్నారు. నాకు ఇందులో ఒక సందేహం ఉండేది. గ్రహం ఒరిగితే ఒరిగింది, చందమామలు కూడా ఎలా ఒరిగాయి? గుద్దుకోవడం చందమామలు పుట్టకముందే జరిగి, ఆ చెదిరిన ధూళి కొత్త మధ్యరేఖ చుట్టూ పళ్ళెంలా సర్దుకుని, అందులోంచి చందమామలు పుట్టి ఉండాలి. చాలాకాలం మెల్లగా లాగుతూ ఒరిగించిన వేరే కారణం ఉందనేవాళ్ళూ ఉన్నారు. ఇది తేలని కేసు.

వలయాల కథ మనకు దగ్గరిది. కావలూరు తెలుసా? నెల్లూరు జిల్లా కావలి కాదు, తమిళనాడు జవ్వాది కొండల్లో కావలూరు. మన చిత్తూరు నుంచి వేలూరు మీదుగా వెళ్ళొచ్చు. అక్కడ అబ్జర్వేటరీ పెట్టినవారు వైను బప్పు. ఆయన పెరిగింది హైదరాబాదులో, చదివింది నిజాం కాలేజీలో. తండ్రి బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో పని చేసేవారు. నక్షత్రాల పిచ్చి అక్కడే పట్టుకుంది.

1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం రాబోతోందని ముందే లెక్క తెలుసు. దీపానికి అడ్డంగా చెయ్యి పెడితే నీడ పడినట్టు, నక్షత్రం వెలుగు ఎలా తగ్గి ఎలా పెరుగుతుందో చూస్తే గ్రహం గాలి గురించి తెలుస్తుంది. అందరూ వెతికింది గాలి కోసమే. జేమ్స్ ఇలియట్ బృందం విమానంలో టెలిస్కోపు పెట్టుకుని హిందూ మహాసముద్రం మీద ఎగిరింది. పరికరాన్ని కాస్త ముందుగానే ఆన్ చేసి పెట్టారు. గ్రహం ఇంకా నక్షత్రం దాకా రాకముందే వెలుగు టక్కుమని తగ్గి మళ్ళీ వచ్చింది. మొత్తం అయిదు సార్లు. గ్రహం దాటిపోయాక, అటువైపు కూడా అలాగే అయిదు సార్లు. రెండు పక్కలా సమానంగా ఉందంటే అవి వలయాలు. అదే రాత్రి కావలూరులో 40 అంగుళాల టెలిస్కోపు దగ్గర జె.సి. భట్టాచార్య, కుప్పుస్వామి కూడా నక్షత్రం ఉన్నట్టుండి మసకబారడం పట్టుకున్నారు. మొదట యురేనస్‌కు కొత్త చందమామ అడ్డం వచ్చిందనుకున్నారు. అందరి రికార్డులూ పక్కపక్కన పెట్టాక సంగతి అర్థమైంది. పరికరం ముందే ఆన్ చేయకపోతే ఏమయ్యేది? ల్యాబులో నేను ఎప్పుడూ పిల్లలకు చెప్పేది అదే, రీడింగు మొదలవకముందే స్టాప్‌వాచీ చేతిలో ఉండాలి.

ఇప్పటికి 13 వలయాలు తెలుసు. శని వలయాల్లా మెరవవు. బొగ్గంత నలుపు. చాలావాటి వెడల్పు కొన్ని కిలోమీటర్లే. అందుకే అన్నాళ్ళు కంటికి దొరకలేదు.

ఇక వాయేజర్ తీర్పులు మూడు ఎలా తారుమారయ్యాయో చెప్పి ముగిస్తాను.

మొదటిది చిన్నది. యురేనస్ తన చుట్టూ తాను తిరగడానికి 17 గంటల 14 నిమిషాల 24 సెకన్లు అన్నారు. నేల లేదు కదా, గుర్తు పెట్టుకోవడానికి కొండ లేదు, అందుకని అయస్కాంత క్షేత్రం ఎలా తిరుగుతోందో చూసి లెక్కగట్టారు. అందులో అర నిమిషం అటూ ఇటూ తేడా ఉండొచ్చు. చూడటానికి అర నిమిషమే. కానీ ప్రతి చుట్టుకూ అది పేరుకుంటుంది. కొన్నేళ్ళయ్యేసరికి అయస్కాంత ధ్రువం ఏ పక్కన ఉందో చెప్పలేని స్థితి వచ్చింది. హబుల్ టెలిస్కోపు పదేళ్ళకు పైగా అక్కడి ధ్రువకాంతులను గమనించిన లెక్కతో 2025లో ఇది 17 గంటల 14 నిమిషాల 52 సెకన్లని తేల్చారు. 28 సెకన్ల తేడా.

రెండోది ఆ అయస్కాంతమే. భూమి అయస్కాంత అక్షం తిరిగే అక్షానికి కాస్త పక్కగా ఉంటుంది. యురేనస్‌లో తేడా 59 డిగ్రీలు. పైగా అయస్కాంతం కేంద్రంలో కూడా లేదు, వ్యాసార్ధంలో మూడో వంతు పక్కకు జరిగి ఉంది. గ్రహమే పడుకుని తిరుగుతోంది, దాని లోపల అయస్కాంతం ఇంకో వంకర. వాయేజర్ వెళ్ళి చూస్తే ఆ అయస్కాంత ఆవరణం దాదాపు ఖాళీగా కనిపించింది. చందమామల నుంచి ఏ వాయువూ రావడం లేదు, అవి చచ్చిన రాళ్ళు అని తీర్మానించారు. 2024లో పాత రికార్డులు మళ్ళీ తీసి చూశారు. వాయేజర్ చేరడానికి కాస్త ముందే సూర్యుడి నుంచి కణాల గాలి ఉధృతంగా వీచి ఆ ఆవరణాన్ని నలిపేసిందట, మామూలు పరిమాణంలో అయిదో వంతుకు. అలాంటి స్థితి నూటికి నాలుగైదు రోజులే ఉంటుంది. ఇందాక జ్వరం అన్నానే, అదే ఇది. కాబట్టి చందమామల మీద ఇచ్చిన తీర్పు కూడా చెల్లదు. కొన్నిటి లోపల నీరు ఉండొచ్చనే ఆశ మళ్ళీ పుట్టింది.

మూడోది నేను బోర్డు మీద రాసిన తప్పు. గురుడు, శని, నెప్ట్యూన్ మూడూ సూర్యుడి నుంచి తీసుకున్న దానికంటే చాలా ఎక్కువ వేడిని బయటికి పంపిస్తాయి. పుట్టినప్పటి వేడి ఇంకా చల్లారలేదు. నెప్ట్యూన్ అయితే రెండున్నర రెట్లు. అందుకే దూరంగా ఉండి కూడా అంత చల్లబడలేదు. యురేనస్ మాత్రం తీసుకున్నదెంతో ఇచ్చిందీ ఇంచుమించు అంతే అని వాయేజర్ చెప్పింది. 2025లో వేరువేరుగా రెండు బృందాలు దశాబ్దాల కొలతలు కలిపి, రుతువుల తేడా కూడా లెక్కలోకి తీసుకుని చూస్తే, తీసుకున్నదానికంటే 12 నుంచి 15 శాతం ఎక్కువ పంపిస్తోందని తేలింది. నివురుగప్పిన నిప్పు. మిగతా మూడింటితో పోలిస్తే ఇంకా తక్కువే, ఎందుకు తక్కువో ఇంకా వాదన నడుస్తోంది. కానీ "లేదు" అన్నది తప్పు.

చందమామల గురించి చెప్పడానికి టైము లేదు. మొత్తం 29 తెలుసు. ఇరవై తొమ్మిదోది జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫోటోల్లో 2025లోనే దొరికింది, పది కిలోమీటర్లుంటుందేమో. ఒక్క మిరాండా గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అడ్డంగా 470 కిలోమీటర్ల చిన్న గోళం. దాని మీద ఒక నిట్రమైన కొండ చరియ ఉంది, ఎత్తు దాదాపు 20 కిలోమీటర్లని అంచనా. ఎవరెస్టుకు రెండింతల పైన. గురుత్వాకర్షణ అంతంతమాత్రం కాబట్టి పైనుంచి రాయి జారవిడిస్తే కింద పడటానికి దాదాపు 12 నిమిషాలు. ఇంటికెళ్ళి లెక్క వేసి చూడండి, సెకను వర్గానికి 0.079 మీటర్లు తీసుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: నవగ్రహాల్లో ఇది ఎందుకు లేదండీ? కంటికి కనపడదా?)

మంచి ప్రశ్న అడిగారు. కనపడకపోవడం కాదండీ. మబ్బూ లైట్లూ లేని ఊళ్ళో, అమావాస్య రాత్రి, చూపు బాగుంటే చుక్కగా కనపడుతుంది. కదలిక తెలియదు. శని ఒక రాశిలో రెండున్నరేళ్ళుంటాడు, మూడు రాశులు కలిపి ఏలినాటి శని ఏడున్నరేళ్ళు. యురేనస్ ఒక్క రాశిలోనే ఏడేళ్ళుంటుంది. అందుకని చూసినవాళ్ళందరూ నక్షత్రమే అనుకున్నారు. ఇంగ్లండులో ఫ్లామ్‌స్టీడ్ 1690లో చూసి నక్షత్రంగా రాసుకున్నాడు. ఫ్రాన్సులో లెమోనియే పన్నెండు సార్లు చూసి కూడా గుర్తుపట్టలేదు. 1781 మార్చి 13న బాత్ అనే ఊళ్ళో విలియం హెర్షెల్ చూశాడు. ఆయన వృత్తి సంగీతం. చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు, పాఠాలు చెప్పేవాడు. టెలిస్కోపు అద్దం సొంతంగా నూరుకున్నాడు. నూరేటప్పుడు చెయ్యి తియ్యకూడదని చెల్లెలు కరొలిన్ అన్నం నోట్లో పెట్టేది. ఆయన కూడా మొదట తోకచుక్క అనే అనుకున్నాడు. పట్టుకున్న నాటి నుంచి ఇప్పటికి అది మూడు చుట్లు కూడా తిరగలేదు. మూడోది 2033లో పూర్తవుతుంది.

(ఒక విద్యార్థిని: మళ్ళీ నౌకను ఎప్పుడు పంపిస్తారు సార్?)

2022లో అమెరికా శాస్త్రవేత్తలు రాబోయే పదేళ్ళకు పెద్ద పనుల జాబితా తయారు చేసి, అందులో మొదటి స్థానం యురేనస్ చుట్టూ తిరిగే నౌకకు ఇచ్చారు. ఒక పరికరాన్ని గాలిలోకి కూడా దించాలని. డబ్బు, ఇంధనం, రాకెట్టు అన్నీ కుదరాలి. ఇవాళ బయలుదేరినా పదేళ్ళకు పైనే ప్రయాణం. నేను ఉంటానో లేదో, నువ్వు చూస్తావమ్మా. నేను తప్పుగా చెప్పినవి అప్పుడు దిద్దు.

మేడ మీద టెలిస్కోపు పెట్టి ఉంచాం. షష్ఠి చంద్రుడు ఉన్నాడు కాబట్టి ఆకాశం పూర్తిగా చీకటి కాదు, అయినా పర్లేదు. నడినెత్తిన కృత్తికలు గుత్తిగా కనిపిస్తాయి, వాటికి కాస్త దక్షిణంగా వెతకాలి. లేత ఆకుపచ్చ చుక్క, మెరవదు. ఇప్పుడు మీ కంట్లో పడే వెలుగు, సాయంత్రం మీరు ఇక్కడికి బయలుదేరేముందు టీ తాగుతున్నప్పుడు అక్కడి నుంచి బయలుదేరింది. ఒక్కొక్కరే రండి, టెలిస్కోపును పట్టుకోకండి, కదిలితే మళ్ళీ వెతకడానికి పావుగంట. మెట్ల మలుపు దగ్గర బల్బు పోయింది. పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని ఎక్కండి.